ప్రమోషన్ కోరుకుంటే దేవునికి లోబడనట్టేనా?

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఈసారి మేనేజర్‌గా ప్రమోషన్ రావచ్చు, వస్తే డల్లాస్ వెళ్లే అవకాశం కూడా ఉంది. మా సంఘపెద్ద ఒకాయన "పైకి ఎదగాలన్న కోరికే బాబెలు గోపురం, ఉద్యోగం మానేసి సేవకు రా" అంటున్నారు. నా ఫ్రెండ్ ఏమో "దేవుడు నిన్ను తలగా నియమిస్తానన్నాడు, విశ్వాసంతో పట్టుకో" అంటాడు. అమ్మ శుక్రవారాలు ఉపవాసం ఉండి నా వీసా కోసం ప్రార్థిస్తోంది. మధ్యలో ఇంకో చిక్కు. మా టీమ్‌లో జూనియర్ అమ్మాయి చేసిన పనిని అప్రైజల్ ఫారంలో నా ఖాతాలో చూపించమని మా మేనేజర్ సలహా ఇచ్చాడు, అందరూ చేసేదేనట. అది పక్కన పెడితే, నా ఆశయం దేవుని చిత్తమా కాదా అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, వందనాలు.

నీ ప్రశ్నంతా డల్లాస్ చుట్టూ తిరిగింది. జూనియర్ అమ్మాయి సంగతి చివర్లో వచ్చి "అది పక్కన పెడితే" అన్న మాటతో వెళ్లిపోయింది. నేను దాన్నే ముందుకు లాగుతాను, ఏమీ అనుకోకు. డల్లాస్ విషయంలో దేవుడు ఏమంటాడో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఆ ఫారం విషయంలో ఏమంటాడో మాత్రం ఇద్దరికీ తెలుసు. దొంగిలవద్దు, అబద్ధ సాక్ష్యం పలకవద్దు అనే రెండు ఆజ్ఞలు ఆ ఒక్క గడి దగ్గరే అడ్డం వస్తున్నాయి.

బ్యాంకులో పనిచేసిన రోజుల్లోనూ, తర్వాత సంఘంలో యవ్వనస్థుల కూటాలు చూసుకుంటున్నప్పుడూ నేను తరచుగా చూసింది ఇదే. "దేవుని చిత్తం తెలియడం లేదు బ్రదర్" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఏదో ఒక విషయంలో ఆయన చిత్తం బాగానే తెలిసి ఉంటుంది. తెలిసిన చోట పని జరగదు. తెలియని చోట మాత్రం ఉపవాస ప్రార్థనలు జరుగుతుంటాయి.

ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కథ మళ్లీ ఒకసారి చదువు, మొదటి సమూయేలు 15వ అధ్యాయం. సౌలుకు ఆశ ఎక్కువైందని సమూయేలు ప్రవక్త అక్కడ ఎక్కడా అనడు. నీ దృష్టికి నువ్వే అల్పుడిగా ఉన్నప్పుడు కదా నిన్ను రాజుగా అభిషేకించింది అని గుర్తుచేస్తాడు, అంతే. అమాలేకీయులను, వాళ్ల పశువులతో సహా, పూర్తిగా నాశనం చేయమని దేవుడు పంపిన యుద్ధం అది, సౌలు గెలిచాడు కూడా. చెప్పిన పనిలో చాలా భాగం చేశాడు. అమాలేకీయుల రాజైన అగగును, గొర్రెల్లో ఎడ్లలో మంచివాటిని మాత్రం మిగిల్చుకున్నాడు. వచ్చే దారిలో కర్మెలు దగ్గర తన పేరిట ఒక గుర్తు నిలబెట్టుకున్నాడు. సమూయేలు ఎదురుపడగానే, ఆయన నోరు తెరవకముందే, యెహోవా ఆజ్ఞను నెరవేర్చానని తనే చెప్పేశాడు. అలాగైతే నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులు ఏమిటయ్యా అని ముసలాయన అడిగాడు.

అప్పుడు సౌలు ఇచ్చిన జవాబులు చూడు. ఒకటి, జనం మిగిల్చారు. రెండోది, బలి అర్పించడానికే మిగిల్చారు. "అందరూ చేసేదే" అన్న మీ మేనేజర్ మాట మొదటిదానికి ఎంత దగ్గరో గమనించావా? రెండోది బయటివాళ్లు చెప్పరు, మన మనసే చెబుతుంది. ప్రమోషన్ వస్తే దశమభాగం పెరుగుతుంది, మందిరం పైకప్పు పని పూర్తవుతుంది, అమెరికాలో తెలుగు సంఘానికి ఉపయోగపడతాను అంటుంది. ఇవన్నీ బలి కోసమని దాచిన గొర్రెలే. "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుట శ్రేష్ఠము" అన్నది సమూయేలు చెప్పిన సందర్భం ఇది. మనం ఆ వాక్యాన్ని కానుకల పెట్టె పక్కన ఎప్పుడూ రాయం, ఎందుకో మరి.

ఆ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది 30వ వచనం. సౌలు పాపం చేశానని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, అయినా నా జనుల పెద్దల ముందు నన్ను ఘనపరచు అని అడిగాడు. పశ్చాత్తాపం మధ్యలో కూడా పెద్దలు తన గురించి ఏమనుకుంటారన్న టెన్షనే. మనిషి ఆశ అదుపు తప్పిందనడానికి నేను చూసే గుర్తు ఇదే. కోరిక ఎంత పెద్దదన్నది నాకు అంత ముఖ్యం కాదు. దానికోసం దారిలో ఏమేం సర్దుకుపోతున్నామన్నది ముఖ్యం. ఇంటి పక్క సందులో కిరాణా కొట్టు పెట్టుకోవాలన్న చిన్న ఆశ కూడా తూకంలో మోసం చేయిస్తే సౌలు దారే పట్టినట్టు.

ఇక నీ ఫ్రెండ్ మాట. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో పంచే వాగ్దాన కార్డుల్లో నిన్ను తలగా నియమిస్తాను గానీ తోకగా కాదు అనే వాక్యం రాని ఏడాది నాకు గుర్తులేదు. అది ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం 13వ వచనం. మోషే మోయాబు దేశంలో ఇశ్రాయేలు జనమంతటితో చెప్పిన మాట. ఆ ఆజ్ఞలను విని నడుచుకుంటేనే అన్న షరతు పక్కనే ఉంది. కార్డు చిన్నది కాబట్టి షరతు పట్టదు, వాగ్దానం పడుతుంది. మీకు మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తాను అనే యిర్మీయా 29:11 సంగతీ అంతే. బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అంతకు ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూడలేదు.

అదే యిర్మీయా గ్రంథంలో, ఏ కార్డు మీదా ఎవరూ అచ్చువేయని వాగ్దానం ఒకటుంది. 45వ అధ్యాయం. మొత్తం ఐదే వచనాలు, ఒకే ఒక్క మనిషి కోసం. నీలాంటి చదువుకున్న ఉద్యోగస్థుడి కోసమే అది ఉందని నా నమ్మకం.

ఆ మనిషి బారూకు. యిర్మీయా చెబుతుంటే రాసిపెట్టే లేఖికుడు. రాయడం వచ్చినవాళ్లు తక్కువగా ఉన్న ఆ కాలంలో రాజు కొలువులో మంచి స్థానమే దొరకగల మనిషి. పెద్ద కుటుంబం కూడా. 51వ అధ్యాయంలో కనిపించే శెరాయా అనే అధికారికి తండ్రి, తాత పేర్లు బారూకు తండ్రి, తాత పేర్లే, అంటే ఇద్దరూ అన్నదమ్ములు. ఆ శెరాయా తర్వాతి కాలంలో సిద్కియా రాజుతో బబులోను వెళ్లినవాడు. తోడబుట్టినవాడు రాజు పక్కన తిరిగే స్థాయికి చేరితే, ఇతనేమో ఊరంతా తిట్టుకునే ప్రవక్త దగ్గర కూర్చుని శాపాలు రాస్తున్నాడు. అయ్యో, నొప్పికి తోడు దుఃఖం, మూలిగి మూలిగి అలసిపోయాను, నాకు నెమ్మది లేదు అని బారూకు వాపోయాడు. యూదా రాజు యెహోయాకీము ఏలుబడిలో 4వ సంవత్సరం, అంటే క్రీ.పూ. 605 ప్రాంతం. దేవుడిచ్చిన జవాబు: "నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు."

ఎందుకు వద్దన్నాడో ముందు వచనంలోనే ఉంది. నేను కట్టినదాన్ని నేనే పడగొడుతున్నాను, నాటినదాన్ని నేనే పెళ్లగిస్తున్నాను అన్నాడు. రాజ్యమే కూలిపోబోతున్నప్పుడు అందులో కుర్చీ ఎందుకు అని అర్థం. కోరిక పుట్టినందుకు బారూకును తిట్టలేదు, గద్దించి తరిమేయలేదు. ఎక్కడికి వెళ్లినా నీ ప్రాణం నీకు దక్కుతుంది అని ఒక్క మాట ఇచ్చాడు. ప్రమోషన్ లేదు, పేరు లేదు, దేశం లేదు, బతుకుతావు. కార్డు మీద వేస్తే ఎవరు తీసుకుంటారు చెప్పు?

ఆ మరుసటి ఏడు ఏం జరిగిందో 36వ అధ్యాయంలో ఉంది. తొమ్మిదో నెల, చలికాలం. రాజు చలికాలపు నగరులో కూర్చున్నాడు, ముందు కుంపటి రగులుతోంది. యిర్మీయా చెబితే బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనేవాడు చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు లేఖికుల చాకుతో ఆ ముక్క కోసి కుంపట్లో పడేసేవాడు. మళ్లీ చదువు, మళ్లీ కోత. చుట్ట మొత్తం అలాగే కాలిపోయింది. అక్షరం అక్షరం సిరాతో కూర్చిన మనిషికి అది ఎలా ఉంటుందో, డిలీట్ అయిన ప్రాజెక్టు గురించి మూడు రోజులు అన్నం మానేసేవాళ్లను చూసిన నీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో చుట్ట తీసుకుని మొదటి మాటలన్నీ మళ్లీ రాయమని దేవుడు చెప్పించాడు. బారూకు రాశాడు. అలాంటి మాటలు ఇంకా అనేకం అందులో చేరాయని ఆ అధ్యాయం చివర్లో ఉంది. లోబడటం అంటే నాకు కళ్లముందు మెదిలేది ఆ రెండో చుట్టే.

ఇప్పుడు మీ సంఘపెద్ద. ఆయన బాబెలు గోపురం గుర్తుచేయడం తప్పేమీ కాదు. మనకు పేరు సంపాదించుకుందాం అని ఆ గోపురం కట్టినవాళ్లు అన్న మాట ఆదికాండములో ఉంది, నిజమే. కానీ కోరిక ఉన్న ప్రతివాడూ బాబెలు కట్టేవాడే అనేస్తే దావీదును ఏం చేయాలి? నేను దేవదారు ఇంట్లో ఉన్నాను, మందసం డేరాలో ఉంది, మందిరం కడతాను అన్నాడు. నాతాను ప్రవక్త వెంటనే, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి అనేశాడు. ఆ రాత్రే దేవుడు నాతానుతో మాట్లాడి ఆ మాట వెనక్కి తీసుకునేలా చేశాడు. ప్రవక్తలు కూడా ఒక్కోసారి తొందరపడి అవుననేస్తారు, కాబట్టి పెద్దలు తొందరపడి వద్దనేయడంలో వింతేముంది! ఆ కోరిక గురించి దేవుడేమన్నాడో సొలొమోను తర్వాత చెప్పాడు. నీకు అలాంటి ఉద్దేశం ఉండటం మంచిదే, అయినా కట్టేది నువ్వు కాదు, నీ కొడుకు. కోరిక మంచిదే, జవాబు మాత్రం "వద్దు" అని. ఈ రెండూ ఒకేచోట ఉండగలవని మన ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది.

దావీదు తర్వాత ఏం చేశాడో మొదటి దినవృత్తాంతములు 22లో చూడు. అలిగి కూర్చోలేదు. రాళ్లు చెక్కేవాళ్లను పెట్టించాడు, దేవదారు మానులు తెప్పించాడు. ద్వారాల తలుపులకు కావలసిన మేకుల కోసం ఇనుము కూడా పోగుచేశాడు. తాను చూడని తలుపులకు, తన పేరు మోయని కట్టడానికి మేకులు! నీకు డల్లాస్ రాక, అదే టీమ్‌లో ఇంకొకరికి వస్తే, వాళ్లకు నీ నోట్సు, నీ కాంటాక్టులు, నీ ప్రాజెక్టు వివరాలు మనస్ఫూర్తిగా ఇవ్వగలవా? నీ ఆశయం దేవుని ముందు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. వద్దు అనే హక్కు ఆయనకు ఉంచావా లేదా. ఉంచినవాడు ఎంత పెద్ద ప్లాను వేసుకున్నా నాకు భయం లేదు. పౌలు బితూనియకు వెళ్లాలనుకున్నాడు, ఆత్మ వెళ్లనివ్వలేదు, త్రోయకు తిరిగాడు. ఆ తర్వాత ప్లాన్లు మానేశాడా? స్పెయిన్ దాకా వెళ్తానని రోమావాళ్లకు రాశాడు.

ఉద్యోగం మానేస్తే ఆశ పోతుందన్నది ఇంకో భ్రమ. యేసు శిష్యులు యాకోబు, యోహానులు వలలు, పడవ, తండ్రిని వదిలేసి వచ్చినవాళ్లే. ఫుల్‌టైమ్ సేవలో ఉండగానే ఆయన రాజ్యంలో ఆయనకు కుడివైపు ఎడమవైపు కుర్చీలు అడిగారు. మిగతా పదిమందికి కోపం వచ్చిందట. ఎందుకు వచ్చిందో మన సంఘాల కమిటీ ఎన్నికలు చూసినవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. సేవలో ఉండే ఆశను పట్టుకోవడం ఆఫీసులో ఉండే ఆశను పట్టుకోవడం కన్నా కష్టం, ఎందుకంటే దానికి వాక్యం తొడుగు ఉంటుంది. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దది, యూట్యూబులో ఎంతమంది చూశారు, ఇవన్నీ అప్రైజల్ గడులే.

దీనికి మన ఒంగోలులోనే ఒక ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఊళ్లో బ్రాహ్మణులు స్కూలు పెట్టమని అడిగారు, పెట్టాడు, పిల్లల్ని పంపారు. పట్నంలో పెద్దవాళ్లు దగ్గరవుతున్నారంటే ఏ మిషనరీకైనా అంతకన్నా ఏం కావాలి? అదే సమయంలో చుట్టుపక్కల పల్లెల నుంచి మాదిగలు బాప్తిస్మం కోరుతూ వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అని పెద్ద కులాలవాళ్లు తెగేసి చెప్పారు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఎవరికివారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆ మిషను చరిత్ర చెబుతుంది. మొదటి కొరింథీయులు 1వ అధ్యాయం, మీలో గొప్ప వంశంవాళ్లు అనేకులు పిలవబడలేదు అన్న చోటు. మాదిగలను చేర్చుకున్నారు, పెద్ద కులాల పిల్లలు స్కూలు వదిలి వెళ్లిపోయారు. బైబిలు తెరిస్తే వచ్చిన వచనం పట్టుకుని నడవమని నీకు నేను చెప్పడం లేదు. ఆ వచనం రాకపోయినా ఆ మనుషుల్ని వెనక్కి పంపే అధికారం క్లౌకు లేదు, అది ఆయనకు ముందే తెలుసు.

తర్వాత 1876-78 కరువు. క్లౌకు సర్వే పని వచ్చు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైబడిన ముక్క తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. చూశావా, సేవకు వచ్చే ముందు నేర్చుకున్న విద్య ఎక్కడ పనికొచ్చిందో. ఆ కూలీల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు లెక్కలేనంతమంది. అమెరికాకు పంపే రిపోర్టులో ఆ అంకెలు ఎంత వెలిగిపోయేవో! కానీ కూటి కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని, కరువు సాయం నడిచినంతకాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు. ఆగినందుకు పెద్ద అంకె బహుమానంగా వచ్చిందని ఈ కథను చెప్పేవాళ్లున్నారు, నాకు అది నచ్చదు. ఆగిన రోజున ఆయనకు ఆ అంకె తెలియదు.

ఇదే మాట నీ ఫారానికీ వర్తిస్తుంది. ఆ అమ్మాయి చేసింది ఆ అమ్మాయి పేరు మీద రాయి. ఆమెకు పని నేర్పించింది, రివ్యూ చేసింది నువ్వే అయితే ఆ ముక్క కూడా రాయి, అది నీదే, దాచుకుంటే వినయమేమీ కాదు. రేటింగ్ తగ్గవచ్చు. ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోవచ్చు, అసలు రాకపోనూ వచ్చు. నేను నిజాయితీగా ఉన్నాను కాబట్టి దేవుడు రెండింతలు ఇస్తాడు అని లోపల్లోపల లెక్క వేసుకోకు, అది వేరే రకం కాంట్రాక్టు అవుతుంది. రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబడిన షద్రకు, మేషాకు, అబేద్నెగో దేవుడు రక్షించగలడు అన్నారు, ఒకవేళ రక్షించకపోయినా మొక్కం అని కూడా అన్నారు. మీ మేనేజర్‌తో పోట్లాట కూడా అక్కర్లేదు. "సార్, ఆ మాడ్యూల్ తను చేసింది, తన పేరు వేశాను" అంటే చాలు, వాక్యాలు వల్లించకు.

డల్లాస్‌కు అప్లై చెయ్యి. ప్రార్థన చేస్తూనే చెయ్యి. అమ్మానాన్నల ఆరోగ్యం, చెల్లి పెళ్లి లాంటి బాధ్యతలు ఏమైనా ఉంటే ముందే లెక్కలోకి తీసుకో, దేవుని పేరు చెప్పి వాటిని తప్పించుకోకు, కొర్బాను అని తల్లిదండ్రులకు ఎగ్గొట్టినవాళ్లలా. వెళ్లాక ఆదివారం ఎక్కడ కూడుకుంటావో కూడా ఇప్పుడే వాకబు చెయ్యి. వీసా వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లు చాలామంది తర్వాత చూడలేదు. అమ్మ ఉపవాసాన్ని ఆపమని నేను అనను. జెబెదయి కుమారులైన ఆ యాకోబు, యోహానుల తల్లి కూడా కొడుకుల కోసం అడగడానికే వచ్చింది. ప్రభువు ఆమెను కసురుకోలేదు, మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదు అన్నాడు. అంతకంటే గొప్ప సంగతి, ఆ తల్లి చివరికి సిలువ దగ్గర ఉన్న స్త్రీలలో ఒకరని మత్తయి రాశాడు. వీసాతో పాటు ఆ జూనియర్ అమ్మాయి కోసం కూడా ప్రార్థించమని అమ్మకు చెప్పు, సంగతంతా వివరించి చెప్పు. అమ్మ ఏమంటుందో నాకు రాయి.

సంఘపెద్దగారికి జవాబు ఇవ్వడం మానకు. ఆయనకు నీ మీద ప్రేమ ఉంది కాబట్టే ఆ మాట అన్నారు. కానీ పిలుపు నీకు రావాలి, ఆయన ద్వారా మాత్రమే వస్తే సరిపోదు. మా సంఘాల్లో అలా ఇంకొకరి పిలుపు మీద వచ్చి, పదేళ్లకు అలసిపోయి, మొహమాటంతో కొనసాగుతున్నవాళ్లు ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఈ ఏడాది ఆదివారం బడిలో పెద్ద పిల్లల క్లాసు నాకివ్వండి, అందులో నమ్మకంగా ఉంటానో లేదో మీరే చూడండి" అని అడుగు. ఈ సంభాషణ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు.